తెరకు పచ్చకామెర్లు

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. కంప్యూటర్లు వచ్చాక ఆ సామెత తిరగబడింది. కామెర్లు ఇప్పుడు తెరకే వస్తున్నాయి. రాత్రి మల్లెపువ్వులా ఉన్న లాప్‌టాప్ తెర పొద్దున్నే పసుపు రాసినట్టు కనిపిస్తుంది. లేదంటే గులాబీ రంగు గాజుకాగితం అడ్డం పెట్టినట్టుంటుంది. ఒక్కోసారి రంగులన్నీ మాయమై నలుపు తెలుపు సినిమా అయిపోతుంది. ఇంట్లోవాళ్లందరూ చుట్టూ చేరతారు. ఒకరు మూత మీద తడతారు. ఇంకొకరు ఆపి మళ్లీ వేయమంటారు. చివరికి సంచిలో పెట్టుకుని బజారుకు పోతే, కౌంటరు వెనకున్న కుర్రాడు ఒక్క చూపు చూసి తేల్చేస్తాడు. "డిస్‌ప్లే పోయింది సార్. మార్చాల్సిందే."

నిజంగానే పోయిందా? పోయి ఉండొచ్చు. పోకుండానూ ఉండొచ్చు. అది తెలుసుకోవడానికి స్క్రూడ్రైవరు అక్కర్లేదు. ఇంట్లో కూర్చుని అరగంట ఓపిక పడితే చాలు.

కర్నూలు, కడప వైపు ఇళ్లలో ఇదేమంత చిన్న విషయం కాదు. శనక్కాయలో ఉల్లిగడ్డలో అమ్మిన డబ్బులోంచి తీసి, పిల్ల ఇంజినీరింగ్‌లో చేరిందని కొన్న లాప్‌టాప్ అది. ఈ ప్రాంతానికి ఆ పెట్టె మీద ఒక మమకారం కూడా ఉంది. 2008లో ఇడుపులపాయ, నూజివీడు, బాసరల్లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, అదే మనమందరం ట్రిపుల్ ఐటీ అని పిలుచుకునేది, మొదలైనప్పుడు పల్లె బడుల్లో పదో తరగతి మార్కులతో ఎంపికైన పిల్లల చేతికి లాప్‌టాప్ ఇచ్చి దాని మీదే పాఠాలు నడిపారు. సెలవులకు ఇంటికొచ్చిన కొడుకు ఒళ్లో ఆ పెట్టెను చూసి మురిసిపోయిన తల్లిదండ్రులు ఎందరో. అలాంటి ఇంట్లో తెర రంగు మారిందంటే మొదట వచ్చే మాట, "ఏం చేసినావురా దాన్ని?" పాపం, చాలాసార్లు వాడేమీ చేసి ఉండడు.

చికిత్సకు ముందు తెర సంగతి రెండు మాటల్లో. మామూలు లాప్‌టాప్ తెర మీద అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలుంటాయి. అంటే పది లక్షల పైచిలుకు. ఒక్కో చుక్కలో మళ్లీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు కిటికీలు. మొత్తం 31 లక్షలకు పైగా కిటికీలు! వెనక దీపం వెలుగుతూ ఉంటుంది. ప్రతి కిటికీకీ ద్రవ స్ఫటికం అనే తలుపు ఉంటుంది. కరెంటు చెప్పినంత మేరకు అది తెరుచుకుంటుంది. మూడూ పూర్తిగా తెరిస్తే తెలుపు, మూడూ మూస్తే నలుపు. నీలం తలుపులు సరిగా తెరుచుకోకపోతే తెల్లకాగితం పసుపవుతుంది. ఆకుపచ్చ తగ్గితే గులాబీ. ఎరుపు తగ్గితే నీలం ఆకుపచ్చ కలిసిన వింత రంగు. ఈ మూడూ గుర్తుంచుకోండి, ముందుముందు పనికొస్తాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ తలుపులకు తప్పుడు ఆజ్ఞ వెళుతోందా, ఆజ్ఞ సరిగానే బయల్దేరి దారిలో పాడవుతోందా, లేక తలుపులూ దీపమూ చెడ్డాయా? మొదటిదైతే పైసా ఖర్చు లేదు. రెండోదైతే కొద్ది ఖర్చు. మూడోదైతేనే బజారులో కుర్రాడు చెప్పిన లెక్క.

సాయంత్రం వేళ మాత్రమే పచ్చబడుతుంటే

"ఏందే పాపా, పసుపునీళ్లు చల్లినట్టుండాదే" అని జేజి కూడా గమనించే రకం ఇది. పగలంతా బాగుంటుంది. పొద్దు గూకేసరికి పసుపు. తెల్లారితే మళ్లీ మామూలే. ఇది రోగం కాదు, సదుపాయం. 2017లో విండోస్ 10కు చేర్చిన 'నైట్ లైట్' అనే ఏర్పాటు రాత్రిపూట కళ్లకు హాయిగా ఉంటుందని నీలం రంగును తగ్గిస్తుంది. సూర్యాస్తమయాన్ని బట్టి దానంతటదే పనిచేసేలా పెట్టుకోవచ్చు కూడా. కర్నూల్లో చలికాలం ఆరు కాకముందే పొద్దు గూకుతుంది, ఎండాకాలంలో ఆరున్నర దాటుతుంది. అందుకే ఒక్కో నెల ఒక్కో వేళకు 'జబ్బు' మొదలైనట్టు అనిపిస్తుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే, అక్కడ నైట్ లైట్. ఆపేయండి. కొన్ని కంపెనీలు ఇలాంటిదే తమ సొంత ప్రోగ్రాం ఒకటి 'ఐ కేర్' లాంటి పేర్లతో పెట్టి ఇస్తాయి. విండోస్‌లో ఆపినా పసుపు పోకపోతే దాన్ని వెతకాలి.

తెర మొత్తం నలుపు తెలుపు అయిపోతే ముందుగా ఇంట్లో చిన్నపిల్లలెవరైనా కీబోర్డు మీద తాండవం చేశారేమో అడగండి. విండోస్ కీ, కంట్రోల్, సి మూడూ కలిపి నొక్కితే రంగులు తీసేసే 'కలర్ ఫిల్టర్' పడుతుంది. రంగులు గుర్తించడంలో ఇబ్బంది ఉన్నవాళ్ల కోసం పెట్టిన ఏర్పాటది. మళ్లీ అవే మూడు నొక్కితే పోతుంది. కొన్నింట్లో ఈ అడ్డదారి ముందే ఆపి ఉంటుంది. అప్పుడు సెట్టింగ్స్‌లో యాక్సెసబిలిటీ, పాతవాటిలో ఈజ్ ఆఫ్ యాక్సెస్, లోపలికి వెళ్లి ఫిల్టర్‌ను తీసేయాలి. నల్లటి తెర మీద పసుపు, ఆకుపచ్చ అక్షరాలు వస్తుంటే అది 'హై కాంట్రాస్ట్'. ఎడమవైపు ఆల్ట్, ఎడమవైపు షిఫ్ట్, ప్రింట్ స్క్రీన్ కలిపి నొక్కితే వస్తుంది, నొక్కితే పోతుంది. ఇవేవీ చూడకుండా లాప్‌టాప్‌ను బస్సెక్కించవద్దు.

ఇంకోటి విచిత్రంగా ఉంటుంది. తెరంతా బాగుంటుంది, ఫొటోలు తెరిస్తే మాత్రం తెల్లచొక్కా పసుపుగా కనిపిస్తుంది. తెర చెడితే ఫొటోలు ఒక్కటే ఎందుకు చెడతాయి? ఇది 'కలర్ ప్రొఫైల్' గొడవ. తెరతో పాటు వచ్చే ఒక చిన్న ఫైలు తప్పుగా ఉంటే, దాన్ని చదివే ఫొటో ప్రోగ్రాం రంగులు మార్చేస్తుంది. స్టార్ట్ దగ్గర 'కలర్ మేనేజ్‌మెంట్' అని కొట్టి తెరవండి. ఈ తెరకు నా సెట్టింగులే వాడు అన్న గడిలో టిక్ పెట్టి, 'ఎస్ఆర్‌జీబీ' అనే ప్రొఫైల్ చేర్చి, దాన్నే డిఫాల్ట్ చేయండి. ప్రోగ్రాం మూసి తెరిస్తే చొక్కా తెల్లబడుతుంది.

ఈ చివరిది చీరల వాళ్లకు మరీ ముఖ్యం. ఎమ్మిగనూరులో 1938లోనే మాచాని సోమప్ప నేతవారి సహకార సంఘం పెట్టించారు. కడప జిల్లాలో ఒంటిమిట్ట దగ్గరి మాధవరం మగ్గాల ఊరు. ఇప్పుడు నేత ఇళ్లలో పిల్లలు చీర ఫొటో తీసి, లాప్‌టాప్‌లో సరిదిద్ది, వాట్సాప్‌లో పంపి అమ్ముతున్నారు. తెర పసుపుగా ఉందని తెలియకపోతే ఏమవుతుంది? పసుపు ఎక్కువైందని ఫొటోలో నీలం పెంచుతారు. వాళ్ల తెర మీద చక్కగా కనిపిస్తుంది. కొనేవాళ్ల ఫోనులో మిరపపండు ఎరుపు కాస్తా వంగపండు ఛాయలోకి దిగుతుంది. చీర అందాక "మీరు చూపించింది ఇది కాదు" అని తిప్పి పంపుతారు. పోస్టు ఖర్చు రెండువైపులా నేసినవాళ్ల నెత్తిన. నాలుగైదు రోజులు మగ్గం మీద కూర్చున్న మనిషికి ఆ మాట ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. చీర ఫొటో పొద్దున తొమ్మిది గంటలవేళ, నేరుగా ఎండ పడని వసారాలో, పక్కన ఒక తెల్లకాగితం పెట్టి తీయండి. తర్వాత తెర మీద ఆ కాగితం తెల్లగా ఉందా లేదా చూడండి. తెర అబద్ధమాడుతోందో లేదో ఆ కాగితమే చెబుతుంది. చీరనూ కాగితాన్నీ ట్యూబ్‌లైటు కింద మాత్రం పోల్చవద్దు. పగటి వెలుగులోనే.

విండోస్ రాకముందే చూడండి

సెట్టింగులన్నీ వెతికారు, రంగు మాత్రం మారలేదు. ఇప్పుడు అసలు పరీక్ష. లాప్‌టాప్ ఆపేసి మళ్లీ వేయండి. వేసిన వెంటనే ఎఫ్2 (డెల్, ఏసర్, ఆసుస్‌లలో) లేదా ఎఫ్10 (హెచ్‌పీలో) కీని టకటకా నొక్కితే 'బయోస్' అనే తెర వస్తుంది. లెనోవోలో ఎఫ్1 గానీ ఎఫ్2 గానీ. అక్కడ ఏమీ మార్చవద్దు, ఊరికే చూడండి. విండోస్ ఇంకా నిద్ర లేవలేదు కాబట్టి నైట్ లైట్లూ ఫిల్టర్లూ డ్రైవర్లూ అక్కడ పనిచేయవు. ఆ తెర కూడా పసుపుగానో గీతలతోనో ఉంటే లోపం వస్తువులోనే. అక్కడ శుభ్రంగా ఉండి విండోస్ వచ్చాక చెడితే లోపం దాదాపుగా సాఫ్ట్‌వేర్‌దే. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్ మీద నొక్కి, 'రోల్ బ్యాక్' చేసి పాత డ్రైవరుకు వెళ్లండి. అది కుదరకపోతే కంపెనీ వెబ్‌సైటు నుంచి మీ మోడల్‌కు చెందిన డ్రైవరే తెచ్చి వేయండి. ముందుగా విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కి చూడండి. తెర ఒక్క క్షణం ఆరి వెలుగుతుంది, డ్రైవరు మళ్లీ మొదలవుతుంది. ఒక్కోసారి అంతటితోనే దారికొస్తుంది.

స్క్రీన్‌షాట్ తీసి ఫోనుకు పంపి చూడమని కొందరు చెబుతారు. మంచి సలహానే గానీ అందులో ఒక మెలిక ఉంది. నైట్ లైట్, కలర్ ఫిల్టర్ స్క్రీన్‌షాట్‌లో పడవు. ఫోనులో బాగుంది కదా, తెర పోయినట్టేనని తేల్చేస్తే అనవసరంగా డబ్బు పోతుంది. ఫోనులో కూడా చుక్కలు, గళ్లు కనిపిస్తే మాత్రం తప్పు తెరది కాదు. డ్రైవరుదో గ్రాఫిక్స్ చిప్‌దో.

తర్వాతిది టీవీ పరీక్ష. ఇప్పుడు చాలా ఇళ్లలో టీవీకి హెచ్‌డీఎమ్ఐ రంధ్రం ఉంది. వైరు తగిలించి విండోస్ కీ, పి నొక్కి 'డూప్లికేట్' ఎంచుకోండి. టీవీలో రంగులు బాగుండి లాప్‌టాప్‌లో చెడి ఉంటే గ్రాఫిక్స్ చిప్ క్షేమం. తెరో, దాని వైరో అనుమానితులు. రెండింటిలోనూ అదే గీత, అదే గళ్లు ఉంటే తెర మార్చినా ఉపయోగం లేదు.

తెరా వైరా అని తేల్చడానికి మూత చాలు. లాప్‌టాప్ వేసి ఉంచి మూతను నెమ్మదిగా ముందుకూ వెనక్కూ వంచండి. ఒక కోణంలో రంగులు సరిగా వచ్చి, ఇంకో కోణంలో చెడితే అది తెర కాదు. కీలు దగ్గర నలిగిన వైరు. రోజుకు పదిసార్లు తెరిచి మూసే తలుపు గడియ లాంటిది ఆ చోటు. వైరు బయటికి వచ్చి మళ్లీ గట్టిగా కూర్చోబెడితే కొన్నిసార్లు సరిపోతుంది, లేదా వైరు ఒక్కటే మార్చాలి. తెర ధరలో అది కొద్ది భాగమే. కుర్రాడు అడగకముందే ఈ సంగతి మీరు చెప్పండి.

బడుల్లో, కాలేజీల్లో ప్రొజెక్టరుకో పాత మానిటరుకో నీలం మూతి ఉన్న 'వీజీఏ' వైరు తగిలిస్తారు కదా, దాని సంగతి ఇంకా తేలిక. అందులో 15 పిన్నులు. పై వరసలో మొదటిది ఎరుపు, రెండోది ఆకుపచ్చ, మూడోది నీలం. ఒక్కో రంగుకు ఒక్కో పిన్ను! తెల్లగోడ పసుపుగా కనిపిస్తే మూడో పిన్ను, గులాబీగా ఉంటే రెండో పిన్ను, నీలం ఆకుపచ్చగా ఉంటే మొదటి పిన్ను చూడాలి. వంగి ఉంటే పట్టకారుతో మెల్లగా నిలబెట్టొచ్చు. మధ్య వరసలో ఒక పిన్ను అసలే లేకపోతే కంగారు పడకండి, చాలా వైర్లు అలాగే వస్తాయి.

ఎండ సంగతి

ఇక మన దగ్గరికే వద్దాం. లాప్‌టాప్‌తో వచ్చే పుస్తకంలో చాలా కంపెనీలు 35 డిగ్రీల లోపు వాడమని రాస్తాయి. ఆ మాట వింటే కర్నూలు, నంద్యాలల్లో మార్చి నుంచి జూన్ దాకా లాప్‌టాప్‌ను బీరువాలో పెట్టి తాళం వేయాల్సిందే! మధ్యాహ్నం 43, 44 డిగ్రీలు మనకు మామూలే. ఎండలో ఆపిన కారు లోపల 60 దాటడం పెద్ద విశేషం కాదు. చాలా తెరలు తట్టుకునే గరిష్ఠ వేడి కూడా దాదాపు అంతే.

ఎందుకంటే ద్రవ స్ఫటికాల పుట్టుకే వేడితో ముడిపడి ఉంది. 1888లో ప్రేగ్‌లో ఫ్రెడరిక్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు క్యారెట్ నుంచి తీసిన కొలెస్ట్రాల్‌తో చేసిన ఒక పదార్థాన్ని వేడి చేశాడు. 145 డిగ్రీల దగ్గర అది కరిగింది, కానీ మజ్జిగలా మసకగా ఉంది. 178 దాటాక నీళ్లలా తేటపడింది. ఒకే పదార్థానికి రెండు కరుగుడు వేళలేమిటని ఆయన ఆశ్చర్యపోయాడు. ఆ మధ్యలో ఉన్న మసక స్థితే ద్రవ స్ఫటికం. మన తెరల్లో వాడే పదార్థాలు మామూలు వేడిలోనే ఆ స్థితిలో ఉంటాయి. మరీ వేడెక్కితే తేటపడి మాట వినడం మానేస్తాయి. కారులోంచి తీసిన లాప్‌టాప్ తెర మీద నల్లటి మచ్చ కనిపిస్తే ఆపేసి నీడలో ఒక గంట వదిలేయండి. చల్లబడితే చాలామటుకు పోతుంది. తడిగుడ్డ కప్పడం, ఫ్రిజ్‌లో పెట్టడం లాంటి సొంత వైద్యాలు వద్దు.

వేడి తెరకంటే ఎక్కువగా దెబ్బతీసేది గ్రాఫిక్స్ చిప్‌ను. దీనికి ప్రపంచమంతా ఎరిగిన ఉదాహరణ ఉంది. 2008 జులైలో ఎన్‌విడియా కంపెనీ తన లాప్‌టాప్ చిప్‌లు కొన్నింటిలో అతుకుల లోపం ఉందని ఒప్పుకుని, మరమ్మతుల కోసం 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. వేడెక్కడం, చల్లారడం, మళ్లీ వేడెక్కడంతో చిప్ కింది సన్నటి అతుకులు పగిలేవి. తెర మీద రంగురంగుల గీతలు, గళ్లు, చివరికి చీకటి. ఇప్పటికీ ఇలాంటి లోపానికి కొన్ని షాపుల్లో వేడిగాలి కొట్టి అతుకులు కరిగించి ఇస్తారు. అది పనిచేస్తుంది, కొన్నాళ్లు. పరీక్షలు గట్టెక్కాలంటే సరేగానీ, దానికి పెద్ద మొత్తం పెట్టడం నా లెక్కలో దండగ.

ఫ్యాను ఊపిరి తీసుకోవాలి. బేతంచర్లలో నాపరాళ్ల పాలిష్ యూనిట్ల పక్కన, ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర ఉండేవాళ్లు ఏడాదికోసారైనా లోపల దుమ్ము తీయించుకోవాలి. పరుపు మీద, దిండు మీద లాప్‌టాప్ పెట్టి సినిమా చూస్తే కింది గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. మన ఇళ్లలో అలమరలకూ గట్లకూ కడప బండ ఉండనే ఉంది. చల్లగా, చదునుగా ఉండే దానికంటే మంచి కూలింగ్ స్టాండు ఎక్కడ దొరుకుతుంది?

నీళ్లు మరో శత్రువు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ముంచెత్తినప్పుడు కర్నూలు వాసులకు బురదనీళ్లు వస్తువుల్లోకి ఎలా దూరతాయో తెలిసొచ్చింది. తెరకు వరద అక్కర్లేదు, గ్లాసు నీళ్లు చాలు. అంచులోంచి దూరిన తడి పొరల మధ్య టీ మరకలా పరుచుకుంటుంది. తుడిచేటప్పుడు తెర మీద నేరుగా ఏమీ చల్లకండి. ఆపేసి, కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో తుడవండి.

జబ్బు కాని జబ్బు ఒకటుంది. పిల్ల కుర్చీలో కూర్చుని చూస్తే రంగులు బాగుంటాయి. నాయన చాప మీద కూర్చుని కిందనుంచి చూస్తే మనుషుల ముఖాలు నల్లగా, నెగెటివ్ ఫిల్ములా కనిపిస్తాయి. తక్కువ ధర తెరల్లో వాడే 'టీఎన్' రకం స్వభావమే అంత. పక్కనుంచీ కిందనుంచీ చూస్తే రంగులు తిరగబడతాయి. దీన్ని తగ్గించే కథలో మన పొరుగు ఊరి పేరుంది. 1977లో బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో శివరామకృష్ణ చంద్రశేఖర్ బృందం బిళ్లల ఆకారపు అణువులతో కొత్తరకం ద్రవ స్ఫటికాలను కనిపెట్టింది. అప్పటిదాకా తెలిసినవన్నీ పుల్లల్లాంటి అణువులు. తర్వాత జపాన్‌కు చెందిన ఫ్యూజీఫిల్మ్ ఆ బిళ్లల రకం పదార్థంతోనే పల్చటి పొర చేసి, టీఎన్ తెరలు పక్కనుంచి కూడా బాగా కనిపించేలా చేసింది. కొత్తగా కొనేవాళ్లు 'ఐపీఎస్' తెర ఉందో లేదో అడిగితే చాప మీదనుంచీ ఇబ్బంది ఉండదు.

మరి అన్ని పరీక్షలూ అయి, తెరే పోయిందని తేలితే? నిలువు గీతలు, సగం తెర ఒక రంగు సగం ఒక రంగు, లోపల సిరా ఒలికినట్టు మరక. ఇవి మూత వంచినా మారకపోతే మార్చడమే దారి. 2010కి ముందు లాప్‌టాప్‌లలో చాలావాటికి వెనక సన్నటి ట్యూబ్‌లైటు ఉండేది. వేయగానే తెర గులాబీగా ఉండి తర్వాత మామూలైతే ఆ ట్యూబు ముసలిదైందని అర్థం. అంత పాతదానికి తెర కొనేకంటే, ఇంట్లోనే వాడేదైతే పాత మానిటరు తగిలించుకోవడం మేలు.

షాపుకు వెళ్లేముందు ఫొటోలు, ప్రాజెక్టు రిపోర్టులు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకోండి. "ముందు ఫార్మాట్ చేస్తాం" అంటే వద్దని గట్టిగా చెప్పండి. బయోస్‌లోనే రంగు చెడిన తెరకూ హార్డ్‌డిస్క్‌కూ సంబంధం లేదు. తెర విప్పాక వెనక అంటించిన నంబరు ఫోనులో ఫొటో తీసుకోండి. కొత్త తెర అదే కొలతది, అదే పిన్నులది కావాలి. 30 పిన్నుల తెర స్థానంలో 40 పిన్నులది కూర్చోదు. బిగించిన తర్వాత డబ్బులిచ్చేముందు తెర నిండా తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటిగా వేయించి చూడండి, చచ్చిన చుక్కలుంటే అక్కడే బయటపడతాయి. బిల్లు మీద వారంటీ ఎన్ని నెలలో రాయించుకోండి. పాత తెరను వెనక్కి అడిగి తెచ్చుకోండి.